దేవునర్రలో డబ్బా

"అత్తమ్మా, ఈస్టు అయిపోవస్తున్నది!"

ఖాళీ చెంచాతో వచ్చిన కోడలిని చూసి, చిక్కుడుకాయలు గిల్లుతున్న లీలాబాయి ఉలిక్కిపడింది. "ఇష్టం అయిపోవుడేంది బిడ్డా? నా కొడుకు మీదనా?"

"ఇష్టం కాదు, ఈస్టు! బొంబాయి నుంచి అక్క పంపిన మందుపొడి."

"గా మందూ మాకూ నాకేమెరుక?"

సరళాదేవికి ఒళ్లు మండింది. రెండు నెలల కిందట బొంబాయిలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. డాక్టర్లు పొట్టను కుట్టి పిడికెడు చేశారు. కడుపు చిన్నదైంది గాని, కడుపుమంట పెద్దదైంది. పూటకు నాలుగు చెంచాల పప్పుకట్టు. ఐదోది వేస్తే వాంతి. ఆ నాలుగింట్లోనే బలముండాలని రోజూ రెండు చెంచాల ఈస్టు పొడి చల్లుకొమ్మన్నారు. రొట్టెలు పొంగించే ఈస్టే, కాని ప్రాణం తీసి ఎండబెట్టింది. అది పొంగదు, దేన్నీ పొంగించదు. అది పడితేనే చప్పటి పప్పు గొంతు దిగేది.

వంటింట్లో పెడితే శెనగపిండనుకొని ఎవరైనా మిర్చిబజ్జీలు వేస్తారని, స్టీలు డబ్బాలో పోసి దేవునర్రలో, పూజాపటాల ముందు దాచింది. నెల రావలసింది పది రోజులకే అడుగంటింది. మళ్లీ రావాలంటే ఇంకో నెల. ఇప్పటికే కళ్లు తిరుగుతున్నాయి, దువ్వెన నిండా జుట్టు.

కోర్టుకు బయల్దేరుతున్న మధుసూదన్‌రావు, "నువ్వే ఎక్కువ తింటున్నవేమో," అన్నాడు.

"ఎక్కువ తినేటందుకు నాకు పొట్టెక్కడున్నది? వకీలు బుద్ధి ఇంట్ల చూపియ్యకుండ్రి!" సరళాదేవి అత్త వైపు తిరిగింది. "నేను పొడి తింటే మీకు నచ్చదు. మీరే పారబోస్తున్నరు. కడుపు కోయించుకున్న నాకు కడుపుకోత మీరు పెడుతున్నరు!"

లీలాబాయి దిగ్గున లేచింది. చిక్కుడుకాయలు ఒళ్లోంచి జారిపోయాయి.

అప్పుడే పాలు పోసే రామవ్వ గడప దగ్గరికొచ్చింది. "పెద్ద దొరసానీ, జర బండారి బొట్టు వెట్టు. నిన్న వెట్టింది ఊకె రాలవట్టె."

ఆమె నొసట పసుపుపచ్చటి పొడి పలుకులు. సరళాదేవి గబగబా వెళ్లి, ఒక పలుకు గిల్లి నాలుక మీద వేసుకుంది. రామవ్వ బిత్తరపోయింది.

"ఇది నా ఈస్టే!"

"అది మల్లన్నకు వెట్టే పసుపు, బండారి గాదా?" అంది లీలాబాయి. "దేవునర్రల ఉన్నది, పచ్చగున్నది. నా కొడుకు గుడి నుంచి తెచ్చిండనుకున్న. నీ కుట్లు మానాలెనని మల్లన్నకు మొక్కిన బిడ్డా. పొద్దుగాల్నే తానం జేసి, పిడికెడు పటం ముందట పోసి, మొక్కినంక తులసికోటల కలుపుతున్న. వచ్చినోళ్లకు బొట్టు వెట్టి, నా కోడలిని దీవించుండ్రని అడుగుతున్న."

"అవు చిన్న దొరసానీ," అంది రామవ్వ సరళాదేవితో. "వాడకట్టంత నీ పేరే తలుస్తున్నది."

మధుసూదన్‌రావు చేతిసంచి కింద పెట్టాడు. "అమ్మా, అది నొసట పెట్టేది కాదు, పప్పుల చల్లుకునేది. సరళకు బలమంత దాంతోనే."

లీలాబాయి నెత్తి కొట్టుకుంది. "అయ్యో! నీకు బలం రావాలెనని నీ బలమే పారబోసిన్నా బిడ్డా!"

అత్త చేతులు రెండూ పట్టుకొని సరళాదేవి కింద కూలబడింది. అన్నమాట వెనక్కి రాదు. కన్నీళ్లు మాత్రం ఆగకుండా వచ్చాయి.

"మీ తప్పేం లేదత్తమ్మా. ఎవ్వరు ముట్టరని దేవుని ముందట దాచిన, ఎవ్వరికీ చెప్పలే. పచ్చటి పొడి దేవుని దగ్గర కనబడితే బండారి అనుకోక ఇంకేమనుకుంటరు?"