పూడ్చిన బావి పక్క బోరు

రాహేలమ్మకు నలభై ఎనిమిదేళ్లు. ఎవరేం చెప్పినా "నువ్వు చూసినావా?" అని అడగడం ఆమెకు అలవాటు.

కోయిలకుంట్ల అవతల నల్లరేగడి చేలల్లో ఒక పూడ్చిన బావి ఉంది. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. అక్కడ శివకుమారి తిరుగుతుందంటారు. పుల్లయ్య కోడలు, వంశీ మొదటి పెళ్లాం. తొమ్మిదేళ్ల కిందట ఆ బావిలో పడి చచ్చిపోయింది. ఎక్కడ పడిందో ఊరందరికీ తెలుసు. ఎందుకు పడిందో ఒక్కరూ అడగలేదు. బతికుండగా సెంటు భూమి ఆమె పేరున లేదు. చచ్చాక మాత్రం మామగారి ముప్పై ఎకరాలకూ ఆమెనే కాపలా పెట్టారు.

ఏడాదిన్నర కిందట గ్యాసు కోసం ఒక కంపెనీ వచ్చింది. పుల్లయ్య చేలో ఇనుప గోపురం లేపి రాత్రింబవళ్లు భూమిని తొలిచింది. ఊళ్లో మగవాళ్ల నడకే మారిపోయింది. కంపెనీ జీపులో వెనక సీటు దొరికినవాడల్లా ఇంజినీరులా మాట్లాడాడు. గొడ్లకొట్టాలను గదులు చేసి డ్రిల్లింగ్ పనివాళ్లకు బాడుగకిచ్చారు. బాడుగ మొగుడికి, వాళ్లకు వండిపెట్టే చాకిరీ పెళ్లానికి. తవ్వి తీసిన మట్టినంతా వంశీ ఆ పాత బావిలో పోయించాడు.

కంపెనీ తాను తొలిచిన రంధ్రానికి సిమెంటు బిరడా వేసి వెళ్లిపోయింది. మూడు నెలలకు... చప్పుడు మొదలైంది.

బావి గట్టుకు ఆనుకునే రాహేలమ్మ రెండెకరాలు. మొగుడు ఏసేపు పోకముందు వేయించిన బోరు ఒకటి అందులో ఎండిపోయి ఆరేళ్లయింది. గొట్టం నోటికి గోనెసంచి కట్టి, పైన బండ పెట్టి వదిలేశారు. ఇప్పుడు ఆ సంచి కింద నుంచి... ఉస్స్... ఆగి, మళ్లీ... ఉస్స్... ఎవరో గొంతు నొక్కితే ఊపిరి తీసినట్టు. కుళ్లిన గుడ్ల వాసన కూడా.

"శివకుమారే," అన్నారు ఊళ్లో. "బావి పూడ్చిరి గదా, బోరులోకి మారింది."

"నువ్వు చూసినావా?" అంది రాహేలమ్మ.

ఆమె మాత్రం పోయి చూసింది. బండ కింద సంచి ఉబ్బి ఉంది. తాగే బోరు నీళ్లలోనూ బుడగలు. కంపెనీ ఆఫీసుకు పోయి చెప్తే ఏసీ గదిలో కుర్రాడు నవ్వాడు. వంశీకి చెప్తే నవ్వలేదు.

"గ్యాసనొద్దు రాహేలమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "కంపెనీ మళ్లా వస్తాంది. గ్యాసు కారుతాందంటే పని ఆపేస్తారు. దెయ్యమంటే ఎవురూ ఆపరు."

కంపెనీ రెండో విడతకు దారి ఆమె రెండెకరాల మీదుగానే పోవాలి. ఆ భూమి చవగ్గా తన చేతికి వస్తే, కంపెనీకి తానే బాడుగకివ్వచ్చు. అదీ వంశీ లెక్క.

"దెయ్యం తిరిగే నేల నీకెందుకు? ఆడపిల్లతో ఒంటరిగా ఉండావు. సోమవారం వచ్చి రిజిస్ట్రారు ముందర రాసిచ్చెయ్."

"దెయ్యం నీ పెళ్లాం గదప్పా. నాకేం భయం?"

వంశీ మొహం మాడిపోయింది.

కానీ కూలీలకు భయమే. కలుపుకు ఒక్కరూ రాలేదు. శనగ చేను గడ్డిపాలవుతోంది. తల్లీకూతుళ్లిద్దరూ వంగి వంగి ఎంతని తీస్తారు? పంట పోతే అమ్మక తప్పదు. ఆ సంగతి వంశీకీ తెలుసు.

అయితే అతని కథ మరీ ఎక్కువ దూరం పోయింది. కంపెనీ సర్వే కూలీలు కూడా ఆ చేలో కాలు పెట్టబోమన్నారు. దాంతో తాను పెంచిన దెయ్యానికి తానే శాంతి చేయించాల్సి వచ్చింది. ఆదివారం, అమావాస్య. మంత్రగాడిని కారులో తెచ్చారు. బోరు రాహేలమ్మది. ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు.

దూరంగా లైట్లు చూసి రాహేలమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని బయల్దేరింది.

"అమా, వద్దు," అంది నిస్సీ. "ఇట్లాంటివాటి కాడికి పోగూడదని పాస్టరు చెప్పినాడు."

"మన చేను అదీ. నడువు."

బోరు చుట్టూ ముగ్గు, నిమ్మకాయలు, కుంకుమన్నం. పుల్లయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మంత్రగాడు బండ దొర్లించి సంచి విప్పాడు.

ఉస్స్...

"నిప్పు పెట్టొద్దండప్పా," అంది రాహేలమ్మ. "అది గ్యాసు."

"ఆడోళ్లు మాట్లాడితే శాంతి చెడిపోతాది," అన్నాడు మంత్రగాడు. "దూరం పోండి. ఇంకా దూరం..."

ఇరవై అడుగులు వెనక్కి తోలారు. ఆ అవమానమే తమకు మేలు చేసిందని నిస్సీ ఇప్పటికీ చెప్తుంది.

చచ్చినామెకు సారె అని గొట్టం నోటి మీద ఎర్రచీర పరిచారు. చీర మధ్యలో... మెల్లగా... ఉబ్బింది. ఒకడు వెనక్కి జరిగాడు.

"మొగుని చేత్తోనే హారతియ్యాల," గుసగుసగా అన్నాడు మంత్రగాడు.

వంశీ పళ్లెంలో కర్పూరం వెలిగించాడు. ఒంగాడు...

భగ్గుమంది.

నీలం మంట మనిషెత్తు లేచింది. వంశీ మీసం, కనుబొమ్మలు ఒక్క క్షణంలో మాడిపోయాయి. ఎర్రచీర ఆ మంట మీద పైకి లేచి — పడలేదు — గాల్లో నిలబడింది. చెంగు ఊగుతూ, అంచు కాలుతూ, నిటారుగా... ఒక ఆడమనిషి నిలబడినట్టే.

వంశీ మోకాళ్ల మీద పడ్డాడు.

"శివా... నన్ను కాల్చొద్దు శివా! నేను నీ కాళ్లే ఎత్తి పట్టుకుంటి... బావిలోకి తోసింది మా నాయన!"

"నోరు ముయ్యిరా!" అని అరిచాడు పుల్లయ్య.

అంతే. వచ్చిన పదిమంది మగవాళ్లూ నేలకేసి చూశారు. కాళ్లు పట్టుకోవడమేంటని అడిగినవాడు లేడు. తొమ్మిదేళ్లుగా అడగనివాళ్లు ఆ రాత్రి మాత్రం ఎందుకడుగుతారు?

చీర బూడిదై రాలింది. బోరు నోట్లో మంట మాత్రం పొయ్యి మీద గ్యాసులాగే నిలకడగా మండుతోంది.

రాహేలమ్మ ఇరవై అడుగులూ నడిచి వచ్చి అతని ముందు నిలబడింది.

"అది గ్యాసేనప్పా," అంది నెమ్మదిగా. "ఆ పిల్ల నిన్నేమీ అనలేదు."

ఆ మంట ఆర్పడానికి తొమ్మిది రోజులు పట్టింది. అధికారులు రెండో విడత పని ఆపారు. రాహేలమ్మ భూమి అమ్మలేదు. శాంతి జరిగిన మర్నాడే, సోమవారం ఉదయం మొదటి బస్సుకు కోయిలకుంట్ల పోలీస్ స్టేషనుకు పోయి, వంశీ నోట విన్నది విన్నట్టు రాయించి సంతకం పెట్టింది.