కొట్టంలో బండి, కుండలో బియ్యం

తెల్లారి శాంతమ్మ గొంతు లేచిందంటే చిన్న మంగళారం ఊళ్లో ఇక కోళ్లకు పనిలేదు. ఆమెకు ఆ పేరు పెట్టిన పాస్టరుగారు ఏ ఆశతో పెట్టాడో గానీ, ఆ ఇంట్లో శాంతం పేరులో తప్ప మరెక్కడా దొరికేది కాదు.

"ఏమే విమలా! ఎసరు మరిగి మరిగి సగమాయె. నీళ్లేమన్న మీ దిక్కు లెక్క కాలువల వస్తున్నయనుకున్నవా? బాయిల చేదుకొని రావాలె!"

"ఇదిగో అత్తయ్యా, బియ్యం తెస్తున్నాను" అంటూ విమల చేట పట్టుకుని గదిలో బియ్యం కుండ దగ్గరికి నడిచింది. ఏడో నెల కడుపు. అడుగు నెమ్మదిగా పడుతోంది.

అంతే, శాంతమ్మ చీపురు అక్కడే పడేసి గద్దలా వచ్చిపడింది. "ఆగు! ఆ కుండ జోలికి పోకు. ఇయ్యాల్టి సంది బియ్యం నేనే తీస్త."

విమల చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఏడాదిగా ఆ ఇంటికి బియ్యం కొలిచింది ఆమె చెయ్యే. చేట అత్త చేతికిచ్చి, పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. పొగ పేరు చెప్పి కళ్లు తుడుచుకుంది. పంపించేసేదాకా కూడా ఆగలేకపోయారన్నమాట అనుకుంది.

అది అరవై తొమ్మిదో సంవత్సరం, తొలకరి పడుతున్న రోజులు. పట్నంలో ఒకనాడు బందు, ఒకనాడు కర్ఫ్యూ. బడులు మూతపడ్డాయి. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. మా కొలువులు మాకు కావాలని పిల్లలూ పెద్దలూ రోడ్లెక్కారు. విమల భర్త గిద్యోను కూడా చేవెళ్ల సభకు పోయి, జై తెలంగాణ అని అరిచి గొంతు పోగొట్టుకుని వచ్చినవాడే. అడిగేది న్యాయమేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చిక్కల్లా ఒక్కటే. గిద్యోను కట్టుకున్న పిల్లది తెనాలి పక్క పల్లె.

ఆ మధ్య మొయినాబాద్‌లో బస్సు కోసం నిలబడి, "మెహదీపట్నం బస్సు వెళ్లిపోయిందాండీ?" అని అడిగిందామె. ఆ 'అండీ' విని గుంపులో ఎవరో "గో బ్యాక్" అని కేక పెట్టారు. వెంటనే ఒక రాయి వచ్చి ఆమె చేతిసంచికి తగిలి కింద పడింది. దెబ్బేమీ తగల్లేదు. కానీ ఆ సంగతి విన్న మామగారు బాలప్పకు మాత్రం గుండె జారిపోయింది.

"బిడ్డను బెజవాడ రైలెక్కిస్త" అన్నాడు ఆ సాయంత్రమే. "తొలి కాన్పు పుట్టింట్ల గావాలె గద. గొడవలు సల్లబడ్డంక తెచ్చుకుందాం."

పుట్టిల్లంటే ఏముంది గనక! తల్లీ లేదు, తండ్రీ లేడు. అన్న ఇల్లు ఉంది, అందులో వదిన ఉంది. ఆ వదిన పెళ్లినాడే "ఇక మా బాధ్యత తీరిందమ్మా" అని పదిమందిలో అనేసింది. గిద్యోను పంపనంటే పంపనన్నాడు. బాలప్ప వినలేదు. లోకంలోని ప్రతి సంగతికీ ఒక తీర్పు చెప్పే శాంతమ్మ మాత్రం ఆ రోజు నోరు మెదపలేదు. లేచిపోయి కోడలి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. అది చూసి విమలకు ఏడుపు కూడా రాలేదు.

స్టేషనుకు తీసుకుపోవడానికి ఉన్నది ఇంటి బండి ఒక్కటే. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన చిన్న ట్రక్కు అది. మిషన్ దవాఖానవాళ్లు కొని, బాలప్పను డ్రైవరుగా పెట్టుకుని, చివరికి కొత్త బండి వచ్చాక దాన్ని ఆయనకే వదిలేశారు. నాలుగు చక్రాలకూ ఇంజన్ ఊపు అందుతుంది కాబట్టి బురదచేలో దిగి కూడా టమాటాలు ఎత్తుకొస్తుంది. కానీ రైలు సంగతి తేలిన మర్నాడే, చేను గట్టు ఎక్కబోయి మొండికేసింది. ఇంజన్ గీపెడుతోంది, బండి కదలదు. మాడిన కంపు ఊరంతా కొట్టింది.

"క్లచ్చు పోయింది" అన్నాడు బాలప్ప. పట్నంలో మెకానిక్కు షాపులకు తాళాలు. ఎడ్లతో లాగించి బండిని ఇంటి కొట్టంలో పెట్టించాడు.

క్లచ్చు చేతికందాలంటే ముందు గేరుబాక్సు దింపాలి. అందుకే ఒక రోజంతా పట్టింది. ఆ బండికి గేరుబాక్సు ఒక్కటే రాదు, ముందు చక్రాలను తిప్పే ఇంకో పెట్టె కూడా దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. కాళ్ల దగ్గరి రేకులు విప్పారు. ముందుకొకటీ వెనక్కొకటీ పోయే పొడుగు రాడ్లు ఊడదీశారు. దూలానికి మోకు వేసి, కింద జాకీ పెట్టి, తండ్రీ కొడుకూ పక్కింటి హన్మంతూ కలిసి ఆ బరువును గోనెసంచుల మీదికి దించారు. క్లచ్ ప్లేటు చేతికొచ్చేసరికి పైపొర అరిగిపోయి రివెట్లు పళ్లికిలిస్తున్నాయి.

"బురదల దిగవడితె గిట్లనే అయితది బాపు" అన్నాడు గిద్యోను.

"బురద తప్పు గాదురా, నీ ఎడమకాలి తప్పు. తోలినంతసేపు క్లచ్చు మీద కాలు పెట్టి కూసుంటె అరగక ఏం జేస్తది?"

కొత్త ప్లేటును హన్మంతు బందు లేని రోజు చూసి పట్నంలో పాతసామాను అమ్మే జుమ్మెరాత్ బజార్‌లో వెతికి తెచ్చాడు. క్లచ్ బేరింగు మాత్రం దొరకలేదు. పెడలు తొక్కితే ముందుకు జరిగి క్లచ్చును విడిపించేది అదే. అది లేనిదే బండి లేదు. పాతది ఇంకా గట్టిగానే ఉందని బాలప్ప దాన్ని శుభ్రంగా తుడిచి, గ్రీజు పూసి, కొట్టం గోడ మీద పెట్టి ఆ పూటకు పని ముగించాడు. కుండ జోలికి పోవద్దని శాంతమ్మ గద్దించింది ఆ మర్నాటి పొద్దున్నే.

ఆ పొద్దున అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని గిద్యోను మొహం చిట్లించాడు. "అవ్వా, బువ్వ ఏదో వాసనొస్తున్నది."

"నీ చేతులు కడుక్కున్నవా? గ్రీజు చేతులతోని తింటె గ్రీజు వాసన రాక మల్లెపూల వాసనొస్తదా?" అని శాంతమ్మ విరుచుకుపడింది. గిద్యోను వెర్రిమొహం వేసుకుని చేతులు వాసన చూసుకున్నాడు.

తర్వాత బాలప్ప బండి కింది నుంచే కేకేశాడు. "బిడ్డా విమలా! గుండ్రటి కట్టె ఏదన్న ఉన్నదా ఇంట్ల? ప్లేటు నడిమిట్ల నిలబడాలె. లేకుంటె గేరుబాక్సు లోపలికి పోదు."

విమల లోపలికి వెళ్లి తన పెట్టె అడుగునుంచి అప్పడాల కర్ర తీసింది. తల్లి వాడిన కర్ర అది. ఆమె వస్తువుల్లో మిగిలిందల్లా అదొక్కటే. ఒక్క క్షణం దాన్ని గుండెకు ఆనించుకుని, తెచ్చి మామగారికిచ్చింది.

"కొస జర చెక్కాలె బిడ్డా. పర్వలేదా?"

"చెక్కండి మామయ్యగారూ. బండి బాగవ్వాలి కదా."

గుమ్మంలో నిలబడ్డ శాంతమ్మ అదంతా చూసింది. ఏదో అనబోయి, మింగేసి, విసవిసా లోపలికి పోయింది.

కర్ర చక్కగా సరిపోయింది. దాన్ని ప్లేటు మధ్యలో గుచ్చి, పైన మూత బిగించి, కర్ర లాగేసి "శబాష్" అనుకున్నాడు బాలప్ప. ఇక బేరింగు ఎక్కించి గేరుబాక్సు లేపడమే. గోడ మీద చెయ్యి పెట్టి తడిమాడు. బేరింగు లేదు.

గోనెసంచులు దులిపారు. గడ్డి తిరగేశారు. ఎద్దుల కాళ్ల కింద కూడా వెతికారు. లేదంటే లేదు. వెతికి వెతికి బాలప్ప కొడుకు ముందు నిలబడ్డాడు. 

"యాడ దాచినవురా?"

"నేనా? నాకేం ఎరుక?"

"నీకుగాక ఎవలకెరుక? పెండ్లాన్ని తోలొద్దని చూస్తున్నవు. రేపు ఆ పిల్లకేమన్న అయితె ఎవడురా జవాబుదారి? నువ్వా, నీ జై తెలంగాణనా?"

"నా తెలంగాణ నా పెండ్లాన్ని ఎల్లగొట్టుమని చెప్పలే బాపు! ఎల్లగొట్టేది నువ్వు!"

ఆ మాటకు బాలప్ప చెయ్యి లేచింది. హన్మంతు మధ్యలో దూరి ఆపాడు. విమల పరుగున వచ్చింది. "మీరు పోట్లాడుకోకండి. మామయ్యగారూ, ఆయన అబద్ధం ఆడరు. నేనూ తియ్యలేదు, ప్రమాణపూర్తిగా! బండి లేకపోతే బస్సులో వెళ్తాను. నా మూలంగా మీరిలా..." 

"చాలు తియ్యుండ్రి మీ లొల్లి!" అని అరిచింది శాంతమ్మ. "పిల్లి ఎత్తుకపోయిందేమో. వాన రావట్టె, బర్రె చేన్లనే ఉండె." కొంగు నెత్తిన కప్పుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

నిజంగానే వాన మొదలైంది. బాలప్ప గోడకు చేరగిలబడి, "హన్మంతుకు బువ్వ పెట్టు బిడ్డా. పొద్దటి సంది కష్టపడవట్టె" అన్నాడు నీరసంగా.

గిన్నెలో అన్నం లేదు. వండాలంటే బియ్యం కావాలి. ఎటూ వెళ్లిపోయేదాన్నే, ఇంకో మాట పడితే పడతాను అనుకుని విమల కుండ మూత తీసి చెయ్యి పెట్టింది. లోపల ఏదో గట్టిగా తగిలింది. పైకి తీసింది. శాంతమ్మ పాత చీర అంచు పేలిక, దాని నిండా నల్లటి మరక. విప్పింది.

బేరింగు.

విమల అక్కడే చతికిలబడిపోయింది. కుండ జోలికి పోవద్దన్న అరుపు, గ్రీజు వాసన వేసిన అన్నం, అప్పడాల కర్ర ఇస్తుంటే మింగేసిన మాట, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. ఈ ఇంట్లో నేనెవరికీ అక్కర్లేదనుకున్నానే! నోరు పెద్దదని మనసు చూడలేకపోయానే! ఆ ఇనపముక్కను ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"చూస్తివా?" గుమ్మంలో తడిసి ముద్దయిన శాంతమ్మ. "చూస్తె చూసినవు. నోరు మూసుకొని మళ్ల అండ్లనే పెట్టు."

"అత్తయ్యా, మీరు..."

"ఏం జెయ్యాలె మరి? ఆ ముసలోనికి చెప్తె ఇంటడా? నోటితోని చెప్తె ఇనేటోడైతె ముప్పై ఏండ్ల సంది నేనెందుకు ఒర్రుత?" శాంతమ్మ కూర్చుని కోడలి మొహం కొంగుతో తుడిచింది. తుడిచిన కొంగే తడి. "నన్నూ గట్లనే తోలిన్రు తొలిచూలుకు. మా అవ్వ అప్పటికే సచ్చిపోయింది. మా వదినె నొప్పులొచ్చినా పత్తి ఏరవోయి రమ్మన్నది. ఆ బిడ్డ నాకు దక్కలే. తల్లి లేని ఇల్లు పుట్టిల్లెట్లయితదే పిచ్చిదాన? నీ వదినె మొఖం నేను పెండ్లినాడు చూడలేదా?"

ఈ మాటలన్నీ గడప అవతల బాలప్ప చెవిన పడ్డాయి. లోపలికొచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నాకు భయమైంది శాంతా" అన్నాడు. "ఆ రాయి బిడ్డకు తగిలితె నేనేం మొఖం పెట్టుకొని బతుకుదునని భయమైంది. తోలాలని నాకు మాత్రం ఉన్నదా?"

"రాయొస్తె ముందు నాకు తగుల్తది. నేను ముందల నిలవడ్త."

"నువ్వు నిలవడుడెందుకు చిన్నమ్మా, నోరు తెరిస్తె చాలు, రాయి ఎనుకకు మర్లిపోతది" అన్నాడు బయటినుంచి హన్మంతు. "మా ఊరి కోడలిని ఎవడంటడు? ఊరంతా లేమా?"

ఏడుస్తూనే నవ్వింది విమల. అప్పుడు ఆమెకో సంగతి తట్టింది. "కానీ అత్తయ్యా, రేపు బందు రోజు నాకు నొప్పులొస్తే? బండి లేకపోతే దవాఖానకు ఎట్లా వెళ్తాం?"

  పాపం, అంత తెలివిగల శాంతమ్మ కూడా ఆ ముక్క ఒక్కటీ ఆలోచించలేదు. చివరికి బేరింగు తీసుకుని మొగుడి చేతిలో దబ్బున పెట్టింది. "పో, బిగియ్యి! బండి స్టేషన్ దిక్కు మర్లిందో, ఈసారి స్టీరింగే దాస్త!"

వాన వెలిసేలోపు గేరుబాక్సు లేచింది. కింద తండ్రీ కొడుకూ ఒకరి భుజం ఒకరికి తగులుతూ బోల్టులు బిగించారు. పెడలు తొక్కడానికి ఒకరు కావాల్సి వచ్చింది. విమలను ఎక్కనివ్వకుండా శాంతమ్మే చీర కుచ్చిళ్లు దోపుకుని డ్రైవరు సీటులో కూర్చుంది.

"తొక్కు!" అన్నాడు బాలప్ప.

"తొక్కిన!"

"ఇడువు!"

"ముప్పై ఏండ్లకు నీ మాట ఇంటున్న, ఇగ సంబురపడు!"

సాయంత్రం బండి ఎక్కువ మొరాయించకుండా కొట్టంలోంచి బయటికొచ్చింది. విమలనూ శాంతమ్మనూ ముందు కూర్చోబెట్టుకుని బాలప్ప మెల్లగా పెద్ద రోడ్డు దాకా పోనిచ్చాడు. అక్కడ ఒక దిక్కు స్టేషనుకు పోయే మెహదీపట్నం దారి, ఒక దిక్కు చేవెళ్ల. బండి ఆగింది. శాంతమ్మ చెయ్యి కోడలి చేతిని గట్టిగా పట్టుకుంది. బాలప్ప పెడలు తొక్కి, గేరు వేసి, చేవెళ్ల వైపు తిప్పాడు.

"దవాఖాన తొవ్వల గుంతలెక్కడున్నయో ఇప్పుడే చూసి పెట్టుకుంట" అన్నాడు. "రేపు బిడ్డకు కుదుపు తగులొద్దు."

ఇంటికి తిరిగొచ్చాక శాంతమ్మ చేట తెచ్చి విమల చేతిలో పెట్టింది. "పో, బియ్యం తీస్కరా. అన్నీ నేనే చేసుకుంట సావాల్నా?"

ఆ పూట అందరూ కలిసి కూర్చున్నారు. బాలప్ప కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ అన్నానికి స్తోత్రం. దీన్ని పెట్టే చేతులకు స్తోత్రం. చెడిపోయిన బండికి గూడ స్తోత్రం" అని ప్రార్థన చేశాడు. కొసన చెక్కిన అప్పడాల కర్ర మళ్లీ విమల పెట్టెలోకి పోలేదు. శాంతమ్మ దాన్ని కడిగి పొయ్యి గట్టు మీద పెట్టింది, నేర్పు చూద్దాం అప్పడాలు అంటూ.

అన్నం ఇంకా గ్రీజు వాసన వేస్తూనే ఉంది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. విమల మాత్రం మారు వడ్డించుకుని తింది.