కత్తెర గుచ్చుకోలేదు

ఆ ఉదయం పొగమంచు కిటికీ దాకా వచ్చి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు తచ్చాడుతోంది. నాయనమ్మ మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. మూడేళ్ల ఆ పిల్ల ఇల్లంతా కిచకిచలాడుతూ తిరుగుతుందని అందరూ పిచ్చుక అనే పిలుస్తారు.

పిచ్చుక వెలుగు వైపు తల తిప్పింది. ఎడమ కంటిపాపలో తెల్లగా ఏదో మెరిసి మాయమైంది.

నాయనమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఆ మెరుపు ఆమెకు కొత్త కాదు. ముప్ఫై ఏళ్ల కిందట, ఇలాంటి పాలవెలుగులోనే, కొడుకు కంట్లో చూసింది.

"ఇవాళే దీన్ని కంటి డాక్టరుకి చూపించండి," అంది.

"ఏమైంది అత్తయ్యా?" కోడలు కంగారుపడింది.

"నలక పడ్డట్టుంది. చూపిస్తే పోయేదేముంది?"

కొడుకు గడియారాల దుకాణం తెరవకుండానే భార్యనీ పిల్లనీ తీసుకుని బయల్దేరాడు. మూడు నెలల చంటిదానితో నాయనమ్మ ఇంట్లో ఉండిపోయింది. కుట్టుమిషను ముందు కూర్చుంది గానీ సూదిలోకి దారం ఎక్కలేదు. తీగ మీది గుడ్డలు గాలికి నెమ్మదిగా ఊగుతున్నాయి. కునుకులా, కలలా ఏదో కమ్మింది. అందులో ఆమె మళ్ళీ పాతికేళ్ల పిల్ల, చేతుల్లో కంటికి కట్టుతో పసివాడు.

తలుపు చప్పుడుకి ఉలిక్కిపడి లేచేసరికి మధ్యాహ్నమైంది. పిచ్చుక తండ్రి భుజం మీద నిద్రపోయింది. కోడలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కంట్లో క్యాన్సరట," అన్నాడు కొడుకు. గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. "నా గాజుకన్ను చూసి, ఎలా పోయిందని డాక్టరమ్మ అడిగింది. చిన్నప్పుడు కత్తెర గుచ్చుకుందన్నాను. ఇది తండ్రి నుంచి కూడా రావచ్చట. మీ అమ్మగారిని ఒక్కసారి అడగండి అంది. నిజం చెప్పమ్మా. ఎక్కడ గుచ్చుకుంది ఆ కత్తెర?"

నాయనమ్మ గోడకు చేరగిలబడింది.

"గుచ్చుకోలేదురా. నీకూ ఇదే జబ్బు. కన్ను తీసేస్తే గానీ బతకడన్నారు. ఆ పేరు వింటే జీవితమంతా భయపడుతూ బతుకుతావని..."

"ముందే తెలిస్తే పుట్టగానే చూపించేవాళ్ళం కదా!" కోడలు విరుచుకుపడింది. "పొద్దున కూడా నలక అన్నారు! మీకు నోరెలా వచ్చింది అత్తయ్యా?"

వాడి పిల్లలకూ రావచ్చని ఆ రోజుల్లో ఎవరో నాయనమ్మతో అన్నారు. వినలేదనుకుంది. వినలేదని తనను తానే నమ్మించుకుంది.

ఉయ్యాల్లో చంటిది కేరుమంది. నాయనమ్మ దాన్ని ఎత్తుకుని, చెప్పులు వేసుకుంది.

"పదండి. దీన్నీ చూపిద్దాం. జరిగిందంతా డాక్టరుకి నేనే చెప్తాను. తిట్టాలంటే దారిలో తిట్టండి."

ఎవరూ తిట్టలేదు.

చంటిదాని కంట్లో చీమ తలంత మచ్చ దొరికింది. లేజరుతో అక్కడికక్కడే కాల్చేయవచ్చని, ఇంకా ఎన్నోసార్లు చూపిస్తూ ఉండాలని, చూపు మాత్రం నిలుస్తుందని డాక్టరు చెప్పింది. పిచ్చుక కన్ను మాత్రం దక్కదంది. జబ్బు బయటికి పాకలేదు కాబట్టి పిల్ల దక్కుతుందట.

వారం తర్వాత ఆపరేషను. గది బయట బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు, చంటిది తండ్రి భుజం మీద నిద్రపోతోంది. పొడవాటి వరండాలో ఎండ నీళ్ళలా పరుచుకుని ఉంది. నర్సులు అందులో చప్పుడు లేకుండా తేలిపోతున్నట్టు నడుస్తున్నారు.

"అది లేచి అడిగితే ఏం చెప్పనమ్మా?" కొడుకు మెల్లగా అడిగాడు. ఈ వారం రోజుల్లో ఆమెను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి.

"జరిగింది జరిగినట్టు చెప్పు నాన్నా. నాకు లేని ధైర్యం నీకుంది."

అతను గాజుకంటిని వేలితో తడుముకున్నాడు.

"నా ఆపరేషను రోజున ఏం జరిగింది? నాకేమీ గుర్తులేదు. నేను ఏడ్చానా?"

"నువ్వెందుకు ఏడుస్తావ్? లేవగానే ఆకలన్నావ్. నేనూ మీ నాన్నా ఏడ్చాం, ఇలాంటి బల్ల మీదే..."

అటు చివర కూర్చున్న కోడలు లేచి వచ్చింది. అత్తగారి పక్కన చోటు చేసుకుని కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"చెప్పండి అత్తయ్యా," అంది. "మొదటినుంచీ చెప్పండి. నేనూ వింటాను."