హెరాల్డ్ కింద రెండు ఇటుకలు

ఆదివారం ఉదయం 11:08.

వీరరాఘవరావు గేటు స్తంభానికి ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. కుడిచేతిలో స్పానర్ అలాగే ఉంది. ఛాతీ మీద మాత్రం ఒక కారు వెనకభాగం ఉంది.

పొరుగువాళ్ళు కారును ముందుకు నెట్టారు. మళ్ళీ జారకుండా బండరాయి అడ్డం పెట్టారు. అంబులెన్స్ వచ్చేసరికి ప్రాణం లేదు.

ఇన్‌స్పెక్టర్ నవనీత అశోక్‌నగర్‌లోని ఆ ఇంటికి చేరింది 11:41కి.

చనిపోయిన మనిషికి డెబ్భై ఒకటి. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. కారు 1967 నాటి హెరాల్డ్. వరద వచ్చిన ఏడాది నాలా పొంగి అది రెండు రోజులు నీళ్ళలో నిలబడింది. పైన బాడీ బతికింది. అడుగున మోసే ఇనుప చట్రాన్ని తుప్పు తినేసింది. బర్కత్‌పురలో ఒక డాక్టరు షెడ్డులో అదే మోడల్ చట్రం ఇంకొకటి దొరికింది. హెరాల్డ్‌లో బాడీ వేరు, చట్రం వేరు. బోల్టులు విప్పితే బాడీ మొత్తం పైకి లేచి వస్తుంది. పాత చట్రం మీది బాడీని కొత్త దాని మీదికి ఎక్కించాలి. గ్యారేజీకి ఇవ్వనన్నాడు పెద్దాయన. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం ఇంట్లోనే అదే పని.

ఆ వరద తరువాతే పోర్టికో నేలను ఎత్తు లేపించాడు. అందుకే లోపలి గోడ దగ్గర్నుంచి గేటు దాకా మంచి వాలు ఉంది.

పక్క హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకుంటున్న సాగర్‌ను నవనీత ముందుగా పిలిచింది.

"బాడీ ఎంతమంది లేపిన్రు?"

"ఎనిమిది మందిమి మేడం. అందరి అటెంప్టులు కలిపితే ముప్పై రెండు. బరువు మోసుడు మాకు కొత్తేం కాదు." అలవాటుగా నవ్వబోయి, గేటు స్తంభం వైపు చూసి ఆగిపోయాడు.

"ఎన్ని గంటలకు?"

"పది ముప్పై అయిదుకు కొత్త చట్రం మీద కూసోబెట్టినం. అంకుల్ చప్పట్లు కొట్టిండు, చిన్నపిల్లగాని లెక్క. ఆంటీ పులిహోర తిని పొమ్మన్నది. అయ్యేలోపల జర చాయ్ తాగొస్తమని పోయినం."

"హ్యాండ్ బ్రేక్?"

"కేబుల్ ఇంక కట్టలే."

"మరి ఈ వాలు మీద బండి ఎట్ల ఆగింది?"

"ఎనక చక్రాలకు ఇటుకలు పెట్టుడే. 'రోజా, ఇటుకలు నీ పూచీ' అన్నడు అంకుల్. అందరం విన్నం."

ఆ ఇటుకలు రెండూ పోర్టికో గోడ పక్కన, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

రోజాకు ఇరవై ఎనిమిది. ఆలేరు దగ్గర ట్రాక్టర్ మెకానిక్ కూతురు. రెండిళ్ళ అవతల లేడీస్ హాస్టల్లో నాలుగేళ్ళుగా ఉంటోంది. ఆమె స్పానర్ పట్టుకునే తీరు చూసి పెద్దాయన ఆదివారాలు పనికి పిలుచుకున్నాడు. నాలుగో అటెంప్టులో ఆమెకు జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. ఇంకో ఎనిమిది రోజుల్లో, పై వారం సోమవారం, పోలీస్ వెరిఫికేషన్ ఫారం ఇవ్వాలి. మీ మీద కేసులేమైనా ఉన్నాయా అని అందులో ఒక గడి ఉంటుంది. ఎఫ్‌ఐఆర్‌లో పేరెక్కితే ఆ ఉద్యోగం అంతటితో సరి. హాస్టల్ ఖర్చు ఇంట్లో ఇక భరించలేరు, అయిదో అటెంప్టు లేదు.

"ఇటుకలు నేనే పెట్టిన మేడం. పెట్టినంకనే నారాయణగూడకు పోయిన, రబ్బరు వాషర్లు తేనీకి. పదీ యాభైకి బయల్దేరిన. వచ్చేసరికి..."

"పెట్టింది ఎవరన్న చూసిన్రా?"

"అంకుల్ చూసిండు."

అప్పుడే గాంధీనగర్ ఫ్లాట్ నుంచి వచ్చిన కొడుకు సాయిచైతన్య అందుకున్నాడు. "చూసిన మనిషి ఇక చెప్పలేడు, అదేగా నీ ధైర్యం? మేడమ్, నెగ్లిజెన్స్ కేసు పెట్టండి. ఇవాళే పెట్టండి."

మెట్టు మీద కూర్చున్న ఆదిలక్ష్మి తలెత్తలేదు. పెద్దాయన భార్య. ఆమె స్టేట్‌మెంట్ ఒక్క వాక్యం: "పూజ చేసి లోపలికి వెళ్ళానమ్మా, వంటింట్లో ఉండగా చప్పుడైంది."

పంచనామాలో నవనీత అన్నీ రాయించింది. నేల మీద చక్రాలు ఎక్కడ నిలవాలో పెద్దాయన సుద్దముక్కతో గీసుకున్న గీతలు. ఇటుకలు రెండు. నలిగిన నిమ్మకాయలు నాలుగు. పసుపు, కుంకుమ, అగరుబత్తులు. రాసి పేజీ తిప్పింది.

*

సోమవారం స్టేషన్లో రోజాను నవనీత రెండు గంటలు అడిగింది.

"ఇటుక ఏ చేత్తో పెట్టినవ్?"

"రెండు చేతులతోటి."

"ముందు ఏ పక్క?"

"ఎడమ... కాదు, కుడి పక్క."

"ఎడమనా, కుడినా?"

"కుడి."

"పెట్టినట్టు నీకు పక్కా యాదికున్నదా?"

"ఉన్నది."

తిప్పి తిప్పి అదే ప్రశ్న. నిజం చెప్పేవాడు ఎన్నిసార్లయినా ఒకేలా చెబుతాడని నవనీతకు ట్రైనింగ్‌లో నేర్పారు. ఆ మాట మీద ఆమెకు పెద్ద నమ్మకం లేదు. అయినా అడిగింది.

మంగళవారం రోజా తనంతట తానే స్టేషన్‌కు వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"మేడం, నేను పెట్టలేదేమో."

నవనీత పెన్ను ఆగింది. "ఏంది?"

"పెడుదామనుకున్న. అనుకున్నది పక్కా. పెట్టిన్నో లేదో... కండ్లు మూస్తే చక్రం కనవడ్తది, ఇటుక కనవడ్తలేదు. గోడ పక్కనే కనవడ్తది. రాసుకోండ్రి మేడం. నా తోటి అయితలేదు."

నవనీత రాసుకోలేదు. రాసుకుంటే కేసు ఆ నిమిషంలోనే ముగిసేది. ఒప్పుకోలు దానంతట అదే టేబుల్ ముందుకు వచ్చి నిలబడింది. ఆదివారం ఈ పిల్ల గొంతులో రాయిలాంటి నిబ్బరం ఉంది. రెండు రోజుల్లో అది ఇసుక అయింది. కొత్త సాక్షి ఎవరూ రాలేదు. కొత్త ఆధారమూ లేదు. మధ్యలో జరిగింది ఒక్కటే, తన ప్రశ్నలు.

"ఇంటికి పో. అన్నం తిను," అంది. "రేపు మాట్లాడుదం."

*

బుధవారం ఉదయం 9:20. స్టేషన్‌కు కొత్త పెట్రోలింగ్ వాహనం వచ్చింది. డ్రైవర్ కనకయ్య కొబ్బరికాయ కొట్టి, చక్రాల ముందు నిమ్మకాయలు పెడుతున్నాడు. నవనీత కిటికీలోంచి చూస్తూ నిలబడింది.

"కనకయ్యా, అవి ముందే ఎందుకు పెడ్తవ్?"

"బండి ముందుకు పోతది గద మేడం. తొక్కుకుంట పోవాలె. గప్పుడే దిష్టి పోతది."

"ముందు గోడ ఉంటే? వెనక్కి తీసేదుంటే?"

కనకయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎటు కదిలితే గటే పెడ్తరు. గోడ దిక్కు పెడ్తే గోడకు పోతదా దిష్టి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవనీత నవ్వలేదు. లోపలికి వెళ్ళి క్లూస్ టీమ్ ఫొటోలు టేబుల్ మీద పరిచింది. నాలుగు చక్రాలు. నాలుగు సుద్దగీతలు. నలిగిన నిమ్మకాయలన్నీ గీతలకు గేటు వైపు.

బండి దగ్గర నలిగిన నిమ్మకాయ కనిపిస్తే ఏ తెలుగువాడూ రెండోసారి చూడడు. పూజ అయిందనుకుంటాడు. తనూ అంతే చేసింది. కానీ ఆ హెరాల్డ్‌కు ఇంజన్ వైర్లే కలపలేదు. ఎవరూ దాన్ని నడపలేదు. మరి నిమ్మకాయలను ఏది తొక్కింది?

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె ఒక్కతే అశోక్‌నగర్ వెళ్ళింది. గోడ పక్కన ఇటుకలు అలాగే ఉన్నాయి. రుమాలుతో పట్టుకుని పైదాన్ని తిప్పింది. తరువాత కిందిదాన్నీ తిప్పి చూసింది.

*

సాయంత్రం 4:30. పోర్టికోలో నలుగురు. ఆదిలక్ష్మి మెట్టు మీద. సాయిచైతన్య ఆమె పక్కన నిలబడి. సాగర్, రోజా గోడకు ఆనుకుని.

"ఇటుకలు కొత్తవి," అంది నవనీత. "ఎక్కడివి?"

"ఎదురింటి కన్‌స్ట్రక్షన్ దగ్గర ఆ పొద్దుగాల నేనే తెచ్చిన," అన్నాడు సాగర్. "మేస్త్రి తిట్టిండు గూడ."

"తెచ్చి ఎవరికిచ్చినవ్?"

"రోజక్క పక్కన పెట్టిన. అక్క చేతుల నిండ గ్రీజు, అందుకని చేతికియ్యలే."

నవనీత ఇటుకను అడుగు పైకి వచ్చేలా పట్టుకుంది. "రెండు ఇటుకల మీదా నల్లటి గ్రీజు వేళ్ళు ఉన్నాయి. అటు నాలుగు, ఇటు బొటనవేలు. ఎత్తి పెట్టిన సన్నటి చేతులవి. ఎవరూ వాడని కొత్త ఇటుకల మీద గ్రీజు చేతులు ఆ ఒక్క పొద్దునే పడ్డాయి. రోజా ఇటుకలు పెట్టింది."

రోజా గోడ వదిలి ముందుకు వచ్చి ఇటుకను చూసింది.

"అయితే తీసిందెవరు?" సాయిచైతన్య అడిగాడు.

"కారు గోడ వైపు ముఖం పెట్టి ఉంది. మొదటిసారి కదిలితే వెనక్కే కదలాలి, గేటు వైపు. కాబట్టి నిమ్మకాయలు చక్రాల వెనక పెట్టాలి. వెనక చక్రాల దగ్గర ఆ చోట్లో అప్పటికే ఇటుకలు ఉన్నాయి."

ఆమె ఇటుకను కింద పెట్టింది. అనాల్సిన మాట మిగిలే ఉంది. గ్రీజు వేళ్ళ మీద ఇంకొకరి వేళ్ళ గుర్తులు ఉన్నాయి, పసుపువి. పసుపు పైన, నలుపు కింద.

సాయిచైతన్య తల్లి వైపు చూశాడు. ఒక్క అంగలో వచ్చి నవనీతను గేటు దాకా తీసుకుపోయాడు. గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఇక్కడితో ఆపేయండి. ప్లీజ్."

"ఆపి?"

"మొదట అనుకున్నట్టే రాసేయండి. ఆ అమ్మాయికి ఇరవై ఎనిమిదే. ఇంకేదైనా ఉద్యోగం చూసుకుంటుంది, నేనే చూపిస్తాను. మా అమ్మ ఇది తెలిస్తే బతకదు."

"ఆదివారం నుంచి ఆ అమ్మాయిని ఏమన్నరో మీకు యాదికున్నదా?"

"ఉంది. అయినా అడుగుతున్నాను."

"ఎవర్రా బతకనిది?"

ఇద్దరూ తిరిగారు. ఆదిలక్ష్మి లేచి నిలబడింది.

"మూడు రోజుల నుంచీ తెలిసే బతికున్నాగా. కూడూ తిన్నాను, నిన్న టీ కూడా అడిగాను."

"అమ్మా, నువ్వు లోపలికి..."

"నువ్వు నోర్ముయ్యి." ఆమె నవనీత దగ్గరికి వచ్చింది. "పదకొండు దాటితే మంచిది కాదన్నారమ్మా. ఈయన నాస్తికుడు, వింటే తిడతారు. డిక్కీ కింద తలపెట్టుకుని ఉన్నారు కదా అని చప్పుడు చెయ్యకుండా పూజ చేసేశాను. ముందు చక్రాలకు నిమ్మకాయలు పెట్టాక, వెనక ఇటుకలు అడ్డమొస్తే తీసి గోడ పక్కన పెట్టాను. అక్కడా నిమ్మకాయలు పెట్టి, మళ్ళీ ఇటుకలు పెడదామనే అనుకున్నా. కుక్కర్ మూడో కూత కూసింది. ఎనిమిది మంది పిల్లలు తినాలి, అన్నం ముద్దయిపోతుందని..."

ఆగింది. గేటు స్తంభం వైపు చూసింది.

"నిమ్మకాయలు కాసేపు ఆపినట్టున్నాయి. ఆయన బోల్టు బిగించడానికి గట్టిగా లాగుంటారు."

"ఆదివారమే ఎందుకు చెప్పలేదమ్మా?" నవనీత అడిగింది.

"చెబుదామని నోరు తెరిచాను. ఈలోపు వీడు ఈ పిల్ల మీద కేకలేశాడు." ఆదిలక్ష్మి రోజా వైపు చూడలేకపోయింది. "నాకు కాస్త... హాయిగా అనిపించింది. ఒక్క గంట. తరువాత ఇక చెప్పడం కుదరలేదు. గంట దాటితే రోజు, రోజు దాటితే మూడు రోజులు."

సాయిచైతన్య గేటు పట్టుకుని నిలబడ్డాడు. సాగర్ తల దించుకున్నాడు.

నవనీత కాగితం తీసింది. ఆదిలక్ష్మి చెప్పిందంతా ఆమె మాటల్లోనే రాసింది, చదివి వినిపించింది. ఆమె కళ్ళజోడు తెమ్మని, పెట్టుకుని, సంతకం చేసింది.

"ప్రమాదమని రిపోర్ట్ రాస్త. పైవాళ్ళు ఏమంటరో నా చేతిల లేదు."

"నువ్వేం రాసినా పర్లేదమ్మా. ఆ పిల్ల పేరు మాత్రం ఎక్కడా రాకూడదు."

*

రోజా నవనీత వెంట జీపు దాకా వచ్చింది. వీధిలో టిఫిన్ బండ్లు అప్పుడే స్టవ్‌లు వెలిగిస్తున్నాయి. కోచింగ్ సెంటర్ల నుంచి జనం గుంపులుగా వస్తున్నారు.

"అయిపోయింది," అంది నవనీత. "నీ మీద కేసు లేదు. సోమవారం పోయి ఫారం ఇయ్యి."

"ఇస్త మేడం."

"నువ్వు పెట్టినవ్ రోజా. ఇటుక మీద నీ చెయ్యి ఉంది. చూసినవ్ గద?"

"చూసిన."

"మరింకేంది?"

రోజా తన అరచేతుల వైపు చూసుకుంది.

"చూసిన మేడం. నమ్ముతున్న గూడ. కని యాదికి వస్తలేదు. ఆదివారం నాడు యాదికుండె. మీరు అడుగుతుంటే, అడుగుతుంటే, ఏడనో పోయింది. ఇప్పుడు ఆ ఇటుక చెప్తున్నది నేను పెట్టిన్నని. నేను చెప్తలేను."

నవనీత జీపు తలుపు మీద చేయి వేసింది. ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగిందో ఆమెకు తెలుసు. నోట్స్‌లో ఉంది. పదకొండు సార్లు.

"గా ఫారంల కేసు లేదని రాస్త," అంది రోజా. "గది సరే. కని ఆఖర్ల ఒక లైను ఉంటది. 'పైన రాసినవన్నీ నాకు తెలిసినంత వరకు నిజం' అని. గా లైను కింద సంతకం పెట్టాలె." తలెత్తింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగానే అడుగుతోంది. "నాకు తెలిసినంత వరకు అంటే ఎంత వరకు మేడం?"