పీచుమిల్లు మలుపులో ఆరడుగుల గోడ

కొత్తపేట దాటేక కాలవగట్టు పట్టుకుని లోపలికి వెళ్తే పీచుమిల్లు మలుపు వస్తుంది. మిల్లు మూతబడి ముప్ఫయ్యేళ్లు దాటింది. పేరు మాత్రం పోలేదు. చెడ్డపేరైతే అసలే పోలేదు.

పొద్దుగూకేక ఆ మలుపులో ఎవరూ సైకిలు ఆపేవారు కాదు. గొలుసు ఊడినా సరే, నెట్టుకుంటూ పోవడమే. ఎందుకంటే — అక్కడ మరిడమ్మ పిలుస్తుంది.

మరిడమ్మ ఆ మిల్లులో కూలీకి వచ్చేదట. పీచు తియ్యడానికి కొబ్బరి డొక్కలు నానబెట్టే గోతిలో ఓ వానాకాలం రాత్రి జారిపడి పోయింది. అప్పట్నుంచీ దారిన పోయేవాళ్లని పేరుపెట్టి పిలుస్తుంది. మెల్లగా, మర్యాదగా, చివర్న 'గారు' చేర్చి మరీ పిలుస్తుంది. పలక్కుండా పోతే ఏమీ చెయ్యదు. "ఆయ్" అన్నామా... అయిపోయినట్టే.

ఇదే మా కోనసీమ వాళ్లకి వచ్చిన చిక్కు. పిలిస్తే "ఆయ్" అనకుండా ఉండడం మావల్ల అయ్యే పనేనా! నిద్రలో పిలిచినా అంటాం. నోట్లో అన్నం ముద్ద ఉన్నా అంటాం. అందుకని ఆ మలుపులో మావాళ్లు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నడిచేవారు.

సరిగ్గా అలాంటి చోట ఆసుపత్రి కట్టేరు. అదీ మామూలు ఆసుపత్రి కాదు — కేన్సరు వాళ్లకి కరెంటు పెట్టేది, రేడియేషన్ అంటారే, అది.

మా పెద్దమ్మకి ముప్ఫై రోజులు అక్కడే కరెంటు పెట్టించేం. ఇదివరకైతే కాకినాడో, విశాఖపట్నమో పోయి నెలరోజులు గది తీసుకుని వండుకు తినాల్సి వచ్చేది. ఇప్పుడు పొద్దున్నే ఆటోలో బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటి దగ్గరుంటున్నాం. ఆవిడ లోపలున్నంతసేపూ నేను వరండాలో బల్లమీద కూర్చునేవాణ్ణి. అక్కడే నాకు అమ్మిరాజుగారు పరిచయం అయ్యేరు.

అమ్మిరాజుగారు ఆ కట్టడానికి మొదట్నుంచీ సూపర్‌వైజరు. పని పూర్తయ్యేక, బిల్డింగు చూసుకోమని ఆయన్ని అక్కడే ఉంచేసుకున్నారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మెలేసిన మీసం, ఖంగుమనే గొంతు. ఈ సంగతి నాకు చెప్పింది ఆయనే. మీసం దువ్వుకుంటూ, నవ్వుతూ చెప్పేరు. నవ్వుతూనే మొదలుపెట్టేరు, అదీ నిజమే...

"మూడడుగులు తవ్వితే నీళ్లండి మాస్టారూ. కిందంతా ఏళ్లనాటి పీచుపొట్టు. కాలేస్తే పరుపు మీద వేసినట్టు దిగిపోయేది. అలాంటి నేలమీద, ఊరు మొత్తంలో ఎక్కడా లేనంత బరువైన గది కట్టమన్నారు."

ఆ గదే అసలు సంగతి. మిషను లోంచి వచ్చే కిరణాలు బయటికి పోకూడదు కాబట్టి దాని గోడ ఆరడుగుల మందం. ఒక్క కిటికీ ఉండదు. గుమ్మం కూడా తిన్నగా ఉండదు, సన్నటి నడవాలో నడిచి, మలుపు తిరిగి లోపలికి పోవాలి. గోడలో అతుకు పడకూడదని సాయంత్రం మొదలెట్టిన కాంక్రీటు మర్నాడు మధ్యాహ్నం దాకా ఆపకుండా పోసేరు. కాలవమీద వంతెన పెద్ద లారీల్ని మొయ్యలేదు. కంకరా ఇసకా అన్నీ ట్రాక్టర్లలో చేరేసేరు.

ఊళ్లోవాళ్లు వచ్చి చూసి గొంతు తగ్గించి అడిగేవారట —

"రోగుల గదికి ఆరడుగుల గోడెందుకండీ?... మరిడమ్మని లోపలేసి మూసెయ్యడానికేనా?"

అమ్మిరాజుగారు మీసం మెలేసి, "ఆయ్, అందుకే! పట్టుకొచ్చి లోపల పెట్టేస్తాం. ఈ గోడ దాటి రమ్మనండి చూద్దాం!" అనేవారు. నవ్వడానికన్న మాట. కూలీలు మాత్రం నిజమే అనుకున్నారు. కాంక్రీటు పోసిన ఆ ఒక్క రాత్రీ గుంపుగా ఉన్నారు గానీ, మిగతా రోజుల్లో అయిదయ్యేసరికి ఒక్కళ్లు కూడా ఉండేవారు కాదు. సత్యప్రమాణంగా, ఒకడు తాపీ కూడా అక్కడే పడేసి పోయేడట.

సరే. గది పూర్తయ్యింది. మర్నాడు పదిగంటలకి పైనుంచి ఆఫీసర్లు తనిఖీకి వస్తారు. వాళ్లు సరేనంటే మిషను బయల్దేరుతుంది. కాదంటే, దానికోసం ఇంకో ఊరివాళ్లు కాచుక్కూచున్నారు, అటు పోతుంది. మళ్లీ మన వంతు ఎప్పటికో!

ఆ రాత్రి ముసురు పట్టింది. అమ్మిరాజుగారు భోంచేసి, చెయ్యి కడుక్కుంటూ ఉండగా గుర్తొచ్చింది — తనిఖీ కాగితాల ఫైలు ఆ గదిలోనే ఉండిపోయింది. పొద్దున్నే వెళ్లి తెచ్చుకోవచ్చు. కానీ కొత్త గోడ, చెమ్మ, కాగితాలు తడిస్తే? కట్టుకున్న లుంగీ మీదే గొడుగేసుకుని మోటారుసైకిలెక్కేరు.

మలుపులో వాచ్‌మేను లేడు. ఉంటాడని ఆయన అనుకోనూ లేదు.

నడవాలో అడుగుపెట్టగానే వాన చప్పుడు ఆగిపోయింది. ఎవరో చెవులు మూసినట్టు... ఫోన్లో సిగ్నలు పోయింది. తన చెప్పుల చప్పుడు తనకే వెనక నుంచి వినపడుతోంది. ఆగితే ఆగుతోంది. నడిస్తే నడుస్తోంది.

మలుపు తిరిగేరు. లోపలి గుమ్మం దగ్గర తీగకి వేలాడదీసిన ఒకే ఒక్క బల్బు. దాని కింద స్టూలు. స్టూలు మీద ఫైలు, పొడిగానే ఉంది. ఆ వెనకాల గదంతా చీకటి.

హమ్మయ్య అనుకుని వంగి ఫైలు అందుకున్నారు.

"అమ్మిరాజుగారూ..."

"ఆయ్!"

అనేసేరు.

అన్నాక తెలిసింది ఏం అన్నారో.

"ఆ ఒక్క మాటా నోట్లోంచి పడ్డాక, మాస్టారూ, దాన్ని గాల్లోనే పట్టుకుని వెనక్కి మింగేద్దామా అనిపించిందండీ," అన్నారు అమ్మిరాజుగారు.

గొంతు ఆడదే. అటునుంచి కాదు, ఇటునుంచి కాదు. గోడలోంచే వస్తోంది. బొంగురుగా, గరగరలాడుతూ...

"అమ్మిరాజుగారూ... వినపడుతోందా అండీ?..."

పరిగెడదామంటే కాళ్లు రాలేదు. అరుద్దామనుకున్నారు. ఎవరికి వినపడుతుంది? ఆ గోడ ఆయనే దగ్గరుండి పోయించేరు. పైగా ఇంకో ఆలోచన వచ్చిందట. ఏ దెయ్యమూ దాటలేని గోడ అని ఇన్నాళ్లూ అందరికీ చెప్పేరు కదా... దెయ్యం లోపలే ఉంటే? పాపం, అదీ దాటలేదు. ఎక్కడికి పోతుంది? ఇక్కడే ఉంటుంది!

చేతులెత్తి దండం పెట్టి దేవుళ్లని అందుకున్నారు. అంతర్వేది నరసింహస్వామి, వాడపల్లి వెంకన్న, అయినవిల్లి వినాయకుడు... వినాయకుణ్ణి ముందు పిలవాలి కదా, వరుస తప్పిందని మళ్లీ మొదట్నుంచి మొదలెట్టేరు. గొడుగు కిందపడింది. ఫైలు చంకలోకి పోయింది.

"అయ్యయ్యో... లుంగీ జారిపోతోందండీ," అంది గొంతు.

చూసుకుంటే నిజమే!

"దెయ్యం చూస్తోందండీ మాస్టారూ! సిగ్గుపడాలో భయపడాలో తెలీలేదు. అటు తిరిగి కట్టుకుందామంటే, ఆవిడ ఎటుందో తెలిస్తే కదా అటు తిరగడానికి! నాలుగువైపులా గుండ్రంగా తిరుగుతూ కట్టుకున్నాను."

"కంగారు పడకండీ. నేనండీ..." అంటోంది గొంతు.

"స్వామీ నరసింహా! వెంకన్నబాబూ!" అని గదంతా మారుమోగేలా కేకలేసేరు ఈయన. గొంతు ఇంకా ఏదో చెప్తోంది. ఈయన ఇంకా గట్టిగా పిలుస్తున్నారు. ఉన్న దేవుళ్లంతా అయిపోయేరు. ఊపిరి అందక ఒక్క క్షణం ఆగేరు.

గోడలో గరగర కూడా ఆగిపోయింది.

అప్పుడు... మెల్లగా... చెవి దగ్గర చెప్పినట్టు —

"గోతిలోకి దిగండి."

ఆ గది మధ్యలో గొయ్యి ఉంది. మిషను అడుగుభాగం కూర్చోబెట్టడానికి నడుంలోతు వదిలేరు. ఊటనీళ్లు చేరకుండా అందులో చిన్న మోటారు పెట్టేరు. నీళ్లు రాగానే దానంతటదే తిరిగి తోడేస్తుంది. సాయంత్రం చూసినప్పుడు గొయ్యి పొడిగానే ఉంది.

గోతిలో పడి పోయిన మనిషి, గోతిలోకి దిగమంటోంది.

"మరి ఎలా దిగేరండీ?" అని అడిగేను. నా గొంతు కూడా తగ్గిపోయింది.

"ఏం చెయ్యనండీ? ఆయ్ అనేసిన మనిషిని. మాటిచ్చినట్టే కదా," అన్నారాయన.

బల్బు దగ్గర్నుంచి చీకట్లోకి నడిచేరు. ఫోన్లో లైటు వేసుకుని గట్టుమీద కూర్చుని, కళ్లు మూసుకుని, కాలు కిందకి పెట్టేరు —

చల్లగా తగిలింది. నీళ్లు! పిక్కలు దాటి తొడల్దాకా నీళ్లు.

కళ్లు తెరిచి లైటు కిందకి తిప్పి చూస్తే... గోతి గోడలోంచి మిషనుకి వైర్లు పోయే గొట్టాలున్నాయి. వాటిలోంచి వైర్లు అప్పటికే లాగి ఉంచేరు. నీళ్లు ఆ గొట్టాల మూతికి బెత్తెడు కిందున్నాయి. మోటారు ఆగిపోయింది. బయట ముసురు. తెల్లారేసరికి వైర్లన్నీ నాని, ఆఫీసర్లు వచ్చి, చెరువు చూసి వెళ్లిపోదురు!

"అప్పుడండీ, మరిడమ్మ సంగతే మర్చిపోయేను. మరిడమ్మ కాదు, వాళ్ల తాత వచ్చి పిలిచినా పలికేవాణ్ణి కాదు."

పైకెక్కి మోటారు ప్లగ్గు పీకేరు. మళ్లీ దిగి, చెయ్యి పెట్టి తడిమేరు. సిమెంటు బస్తా ముక్కొకటి జల్లెడకి చుట్టుకుపోయి ఉంది. గోళ్లతో గీకి లాగేరు. పైకొచ్చి ప్లగ్గు పెట్టేరు. మోటారు జుయ్యిమంది. నీళ్లు బెత్తెడు దిగేదాకా, జానెడు దిగేదాకా, అడుగు కనపడేదాకా అక్కడే గట్టుమీద కూర్చున్నారు. పళ్లు టకటకలాడుతున్నాయి. చలికో, దేనికో...

పని అయ్యేక భయం తిరిగొచ్చింది. తడిసిన లుంగీతో బల్బు కిందకొచ్చి నుంచుని చేతులు జోడించేరు.

"మరిడమ్మగారూ... మీరు చెప్పింది చేసేను. ఇంక నన్ను వదిలెయ్యండమ్మా."

గరగరమంది గోడ.

"మరిడమ్మేంటండీ! నేను సువర్ణనండీ, తుడిచే సువర్ణని! నేను మిమ్మల్ని వదలడమేంటండీ, మీరే నన్ను వదలాలి. లోపల మనిషుందో లేదో చూడకుండా మీటల గదికి తాళం వేసుకుపోయేరు. సాయంత్రం నుంచీ ఇక్కడే ఉన్నాను. ఆకలేస్తోంది, తొందరగా రండి బాబూ!"

మీటల గదంటే గోడకి బయటివైపు ఉంటుంది. మిషను నడిపేవాళ్లు అక్కడ కూర్చుని, లోపలున్న రోగిని టీవీలో చూస్తూ మైకులో మాట్లాడతారు, లోపలి మాట కూడా వాళ్లకి వినపడుతుంది. ఆ మైకూ, గోడలో స్పీకరూ ఆవేళే బిగించేరు. అమ్మిరాజుగారికి ఆ సంగతి తెలీదు. సువర్ణకీ తెలీదు. తలుపు బాదీ బాదీ విసిగిపోయి, ఫోన్లో చార్జింగు అయిపోయి, టీవీలో అమ్మిరాజుగారు కనపడేసరికి ఉన్న మీటలన్నీ నొక్కేసిందట. ఇంట్లోవాళ్లేమో ప్రార్థన కూటానికి పోయుంటుందిలే అనుకున్నారు.

తలుపు తీస్తే చీపురు పట్టుకుని నుంచుంది.

"ఇందాకట్నుంచీ పేరు చెప్తూనే ఉన్నానండీ. మీ దేవుళ్లు అడ్డొచ్చేరు," అంది.

మర్నాడు ఆఫీసర్లు వచ్చేరు. గోతిలోకి దిగి, అడుగు తట్టి, గొట్టాల్లోకి లైటు వేసి చూసేరు. ఎక్కడా చుక్క లేదు. కాగితం మీద సంతకం పెట్టి, కొబ్బరినీళ్లు తాగి వెళ్లేరు. మిషను నెలకి వచ్చింది. వంతెన దగ్గర దింపి, పెట్టెలు విడివిడిగా ఇవతలికి చేరేసేరు. సువర్ణని అక్కడే ఆయాగా వేసుకున్నారు.

అమ్మిరాజుగారు చెప్పడం ముగించేసరికి మా పెద్దమ్మని చక్రాల కుర్చీలో తోసుకుంటూ ఓ ముప్ఫై అయిదేళ్లావిడ బయటికొచ్చింది.

"ఇదిగోనండీ మాస్టారూ, మా దెయ్యం!" అన్నారు అమ్మిరాజుగారు గట్టిగా నవ్వుతూ. "నవ్వులాటకి అంటున్నాగానీ, ఈ పిల్ల చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఆ రాత్రి టీవీలో నీళ్లు చూసి గోతిలోకి దిగమనబట్టి గానీ, లేకపోతే నేను ఫైలు పుచ్చుకుని ఇంటికి పోదును. మీ పెద్దమ్మగారు ఈపాటికి విశాఖపట్నంలో ఉండేవారు."

సువర్ణ కుర్చీ ఆపేసింది.

"నేను గోతిలోకి దిగమన్నానా అండీ?"

"అన్నావు కదమ్మా."

"లేదండీ." వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "పేరు పెట్టి పిలిచేను. లుంగీ సంగతి చెప్పేను. నేనండీ సువర్ణని అన్నాను. మీరు కేకలేస్తుంటే ఇంక లాభం లేదని మీట వదిలేసి కూర్చున్నాను. అంతేనండీ."

"మరి... టీవీలో నీళ్లు..."

"ఏం నీళ్లండీ? అప్పటికి పెట్టింది ఒక్క కెమేరాయే కదా. అది గుమ్మం వైపు తిరిగుంది. మీరు ఆ బల్బు దగ్గర్నుంచి పక్కకెళ్లేక నాకు మీరే కనపళ్లేదు. తడిసిపోయి వచ్చి దండం పెట్టేదాకా, ఎక్కడికి పోయేరా అనుకుంటూ కూర్చున్నాను."

అమ్మిరాజుగారి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

సువర్ణ ఆయన వైపు చూసింది. నా వైపు చూసింది. కుర్చీని గభాలున గేటు వైపు తిప్పింది.

"ఆటో వచ్చినట్టుందండీ..." అంది. గేటు దగ్గర ఏ ఆటో లేదు. మా పెద్దమ్మని తోసుకుంటూ, వెనక్కి తిరక్కుండా, దాదాపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.