పనిచేయని గొట్టం మాత్ర

అబ్దుల్ రహీమ్ మెట్లెక్కి వచ్చేసరికి నుదుటి మీద రక్తం ఇంకా ఆరలేదు. ఆదోనిలో మందుల షాపు నడిపే మనిషికి, తన దెబ్బకు తానే కట్టు కట్టుకోవాలని కూడా తోచలేదు. ప్రైవేట్ డిటెక్టివ్ పరాంకుశం కుర్చీ చూపించాడు. అసిస్టెంట్ ఓబన్న దూది, అయోడిన్ తెచ్చాడు.

"రాళ్లేసినారు సార్! మందని సెప్పి నేను సుద్దపొడి అమ్మినానంట. పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే ఏసన్న కూతురు రక్తవిరేచనాలతో సచ్చిపోయినాది. మందు నా షాపులోదే. ఇప్పుడు దాని తమ్ముడు అదే జబ్బుతో ఆస్పత్రిలో పడుండాడు. వానికేమన్నా అయితే నన్ను బతకనీరు."

"మందు మంచిదేనా?"

"అల్లా సాక్షి! ఎమ్మిగనూరోళ్లు కూడా నా కాడికే వస్తారు. డాక్టరు చీటీ లేకున్నా ఎర్ర నల్ల గొట్టం మాత్రలు ఇస్తాండాను. ఒక్కరన్నా తిరిగొచ్చి తిట్టలేదు."

చెబుతూనే భోరుమన్నాడు. నేరం చేసినవాడు ఇలా ఏడవడని ఓబన్నకు అనిపించింది. ఆ మాట పైకి అనలేదు. పరాంకుశం దగ్గర కన్నీళ్లకు సాక్ష్యం విలువ లేదని అతనికి తెలుసు.

మొదట డబ్బా సంగతి తేలిపోయింది. ఏసన్న కొన్న డబ్బాలోంచే కూరగాయలమ్మే హనుమక్క కూడా మాత్రలు కొన్నది. మింగి, కోలుకుని, బజారులో గొంతు చించుకుని బేరాలాడుతోంది.

"మందు మంచిదే ఓబన్నా. జబ్బే మొండిది. అదెక్కడ మొండికేసిందో చూడాలి," అన్నాడు పరాంకుశం.

ఆస్పత్రిలో ఏసన్న భార్య లింగమ్మ కొడుకును ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఇంకా మాటలు సరిగా రాని పిల్లవాడు. కళ్లు లోతుకు పోయాయి. చేతికి సెలైను ఎక్కుతోంది. ఆ నీరసంలోనూ మెడలోని నల్లదారం నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. దారానికి గరుకైన వెంట్రుకల ముడి ఉంది.

"అదేమిటమ్మా?"

"ఎలుగ్గొడ్డు ఎంటికలు సామీ. నిద్రలో బెదిరి ఏడుస్తాంటే అక్కకూ తమ్మునికీ కట్టిస్తిమి. ఎమ్మిగనూరు ఉస్మాన్ సాబ్ ఎలుగును తోలుకొచ్చి, అప్పటికప్పుడే దాని ఈపున పీకి కట్టినాడు."

"కడిగి కట్టాడా?"

"కడిగితే మహిమ పోతాది గదా సామీ!"

ఓబన్న చెయ్యి తన మెడ మీదికి పోయింది. చిన్నప్పుడు వాళ్లమ్మ అతనికీ కట్టింది. కడగని వెంట్రుకే, అతనూ చప్పరించే ఉంటాడు. అతనికేమీ కాలేదు.

మర్నాడు ఎమ్మిగనూరు బస్సెక్కారు. ఉస్మాన్ సాబ్ ఇల్లు మగ్గాల వీధి చివర. పెరట్లో గుంజకు కట్టిన ఎలుగుబంటి తన పెంటలోనే పడుకుని ఉంది. ముసలాయన ఎదురుగా కూర్చుని సంగటి ముద్ద తినిపిస్తున్నాడు. గుంజ చుట్టూ నేలంతా ఎర్రవీ నల్లవీ ఖాళీ గొట్టాలు.

"ఇవేమిటి సాబ్?"

"ఈ మోతీకి పెట్టే మాత్రలు సామీ. దీని తల్లి విరేచనాలు పట్టి నా చేతుల్లోనే సచ్చినాది. అప్పట్నుంచి దీనికి దినమూ ముద్దలో ఒకటి. గొట్టమైతే ఉమ్మేస్తాది దొంగముండ! అందుకే ఇప్పి పొడి కలుపుతాండా. నాకు కూడు లేనినాడు కూడా దీనికి తప్పియ్యలేదు."

మోతీ ఆయన అరచెయ్యి నాకింది. మాత్రలు ఎక్కడ కొంటావని పరాంకుశం అడగలేదు. ఎందుకు అడగలేదో ఓబన్నకు అర్థం కాలేదు. సీసాలో కాస్త పెంట పట్టి, పిల్లవాని నమూనాతో పాటు కర్నూలు లేబరేటరీకి పంపారు.

జవాబు వచ్చిన రోజు పరాంకుశం అందరినీ ఆస్పత్రి వరండాకు పిలిపించాడు. రహీమ్, ఉస్మాన్ సాబ్, డాక్టరు, ఎస్సై వచ్చారు. లింగమ్మ పిల్లవాణ్ణి ఒళ్లోంచి దించకుండా గుమ్మంలోని మంచం మీదే కూర్చుంది.

"నా బిడ్డను సంపిందెవరప్పా? పేరు సెప్పు సాలు," అన్నాడు ఏసన్న.

పరాంకుశం నెమ్మదిగా చెప్పాడు. "కడుపులో కంటికి కనిపించని క్రిములుంటాయి ఏసన్నా. రోజూ కాస్త మందు తగిలితే చచ్చేవి చస్తాయి. తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. ఏళ్ల తరబడి మాత్రలు తిన్న మోతీ కడుపులో ఉన్నవి అవే. దాని పెంట వీపుకంటింది. ఆ వెంట్రుక కడగకుండా మీ పిల్లల మెడకు, అక్కణ్ణుంచి నోటికి పోయింది. లేబరేటరీలో రెండు నమూనాల్లోని క్రిములనూ పెంచారు. రెంటిలోనూ ఒకటే క్రిమి. మధ్యలో మందు బిళ్ల పెడితే చుట్టూ ఉన్నవి చావాలి. బిళ్ల అంచుదాకా పెరిగింది."

ఉస్మాన్ సాబ్ నేల మీద కూలబడ్డాడు. "నేను సంపినానా సామీ? బతకాలని గదా పెట్టినాను!"

"అయితే నా మందు మంచిదే గదా సార్!" రహీమ్ ముఖం వెలిగింది.

"మంచిదే. చీటీ లేకుండా మోతీకి ఇన్నేళ్లూ అమ్మినదీ నువ్వే. నువ్వు నిజంగా సుద్దపొడే అమ్మి ఉంటే ఆ క్రిములు ఇంత నేర్చేవి కావు."

రహీమ్ ముసలాయన వైపు చూశాడు. ఎలుగును ఆడించేవాడు ఎవరికని మాత్రలు కొంటున్నాడో అతను ఒక్కసారీ అడగలేదు. ఎస్సై ఎవరి మీద కేసు రాయాలో తోచక టోపీ చేతిలో తిప్పాడు.

"వేరే మందు?" అని ఓబన్నే అడిగాడు.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "మనకు దొరికే ఏ మందుకూ లొంగలేదు."

కేసు తేలింది. గురువుగారి తెలివికి ఎప్పుడూ పొంగిపోయే ఓబన్నకు ఆరోజు ఆ తెలివి మీదే అసహ్యం పుట్టింది.

పరాంకుశం కత్తెర తీసి మంచం దగ్గరికి వెళ్లాడు. లింగమ్మ తాయెత్తును గుప్పిట్లో బిగించింది.

"మందు పని సేయదంటిరి. ఇది కూడా తెంపితే నా కొడుక్కు ఇంకేముంది సామీ? బెదురుకుంటాడు."

ఆ కత్తెర చాచిన చెయ్యి వెనక్కి వచ్చింది. పరాంకుశం కత్తెర మూసి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం వాడు చప్పరించడం ఆగిపోయింది. డాక్టరు సెలైను తీసేశాక లింగమ్మే కత్తెర అడిగి తీసుకుంది. పిల్లవాని తల ఎత్తి పట్టుకుని, నొప్పి కలగకుండా దారం తెంపింది. ఇక వాడు దేనికీ బెదరడు.