మరుపుతలుపు దాటిన ట్యాంకు లెక్క

ఎర్రమిట్టలో లెక్కల పరీక్ష రాసిన పిల్లలు మరుపుతలుపు దాటి భోజనశాలలోకి వస్తున్నారు. ఆ తలుపు దాటాక పరీక్ష రాశామన్న సంగతి గుర్తుంటుంది. ఏ ప్రశ్న వచ్చిందో, ఏం రాశారో మాత్రం గుర్తుండదు.

అంగారకుడి మీద తెలుగువాళ్లు కట్టుకున్న తొమ్మిది ఊళ్లలో ఎర్రమిట్ట ఒకటి. మరుపుతలుపు చేసిన తిలోత్తమ అక్కడే పుట్టింది, అక్కడే లెక్కలు చెప్పింది. పరీక్ష రెండు పూటలు. ఉదయం రాసి వచ్చిన పిల్లలు అన్నం ముందు కూర్చుని జవాబులు టాలీ చేసుకునేవారు. తప్పని తేలినవాళ్లకు ముద్ద దిగేది కాదు. వాళ్లు మధ్యాహ్నం తెలిసిన లెక్క కూడా చెడగొట్టేవారు. కొందరు మళ్లీ హాలు వైపే వచ్చేవారు కాదు. ఏటా అది చూసి చూసి ఆమె ఈ యంత్రానికి పూనుకుంది. పరీక్ష రాసేటప్పుడు నుదుటికి కట్టే పట్టీ అప్పుడు పుట్టే జ్ఞాపకాలకు గుర్తు వేస్తుంది. తలుపులో ఉన్న న్యూరల్ స్కానర్ ఆ గుర్తు పడిన జ్ఞాపకాలకు తాళం వేసి, సాయంత్రం తీస్తుంది. నేర్చుకున్న సూత్రాల జోలికి పోదు.

భూమి నుంచి పరీక్షల బోర్డు తరఫున భద్రయ్య వచ్చాడు. ఈ పూట సజావుగా గడిస్తే తలుపు మిగతా ఊళ్లకూ వెళుతుంది. లేకపోతే దీన్నీ విప్పేస్తారు.

"పరీక్ష రోజు పిల్లలు రెండోసారి అన్నం పెట్టించుకోవడం నా సర్వీసులో చూళ్లేదమ్మా" అన్నాడు భద్రయ్య.

ఆ మాట ఇంకోసారి అంటే బాగుండుననుకుంది తిలోత్తమ.

అంతలో మూల బల్ల దగ్గర గొంతులు లేచాయి.

"ట్యాంకు లెక్కకు ఆరు గంటలప్పా! కండ్లు మూసుకోని చేసినా ఆరే." తరగతి లీడరు ఓబులేశు అంటున్నాడు.

"ఐదు" అంది ఎదురుగా కూర్చున్న కుముదిని.

"నీ మొగం! ఐదెట్లొస్తాది?"

చుట్టూ ఉన్నవాళ్లంతా ఆరే, ఆరే అన్నారు.

భద్రయ్య చేతిలోని అప్పడం కింద పెట్టాడు. "పిల్లలకు గుర్తున్నట్టుందే!"

తలుపును నడిపే యంత్రం పేరు కావలి. తిలోత్తమ దాన్ని పిలిచింది. "కావలీ, తాళాలు ఊడాయా?"

"ఒక్కటీ ఊడలేదు. ఉదయం పేపర్లో ట్యాంకు లెక్క లేనే లేదు" అంది కావలి, గోడలోని స్పీకరు నుంచి.

ఇద్దరూ ఆ బల్ల దగ్గరికి వెళ్లారు.

"ఓబులేశూ, ఆ లెక్క ఎక్కడిది?"

"నేనే కట్టినా మేడమ్. పేపర్లో ఏమొచ్చిందో గుర్తు లేకపాయె. టాలీ చేసుకోకుంటే అన్నం తిన్నట్టు ఉంటాదా? ట్యాంకు లెక్క ప్రతి ఏడూ వస్తాది. ఈసారీ వచ్చుంటాదిలే అని కట్టినా."

మన ఊరి బయటి షెడ్డులో ఖాళీ ట్యాంకు. మధ్యాహ్నం మూడింటికి రెండు కొళాయిలు తిప్పారు. ఒకటి దాన్ని ఆరు గంటల్లో నింపుతుంది, రెండోది పన్నెండు గంటల్లో. అడుగున చిల్లు నిండు ట్యాంకును పన్నెండు గంటల్లో ఖాళీ చేస్తుంది. ఎన్ని గంటల్లో నిండుతుంది? అదీ ఓబులేశు లెక్క.

కుముదిని పళ్లెం నెట్టేసి బల్ల మీద తల వాల్చింది.

"నాకు ఆ లెక్క పాయె మేడమ్. మధ్యాన్నం రాయను. ఇంటికి పోతా."

"అది పేపర్లో రాలేదమ్మా."

"ఊరికే చెప్తాండారు. ఓదార్చేదానికి అంటాండారని మాకు తెలీదా?"

తిలోత్తమ ఆ పిల్ల పక్కన కూర్చుంది. తలుపు తన పని తాను చేసింది. ప్రశ్నలు తీసేసుకుంటే పిల్లలు ప్రశ్న పుట్టించుకున్నారు. పేపర్లో రాని లెక్క తప్పిందని ఈ పిల్ల రెండో పూట పరీక్షే వదులుకుంటోంది.

"సరే, ఐదు ఎట్లా వచ్చిందో చెప్పు."

కుముదిని తల ఎత్తకుండానే చెప్పింది. "ఆరింటికి పొద్దు గూకుతాది. కొళాయిలకు హీటరుంటాది, చిల్లుకు ఉండదు కదా. చలికి చిల్లు కాడ నీళ్లు గడ్డకట్టి మూసుకుంటాది. ట్యాంకులు బాగుచేసే మా నాయన అట్లాంటి చిల్లులకు మాటు కూడా వేయడు. అప్పటికి సగం నిండింటాది. మిగిలిన సగానికి రెండు గంటలు చాలు."

తిలోత్తమ వేలితో బల్ల మీద వేసి చూసుకుంది. మూడు గంటలు, ఆపైన రెండు.

"ఐదే" అంది. "ఎర్రమిట్ట ట్యాంకుకు జవాబు నీ ఒక్కదానికే వచ్చింది."

ఓబులేశు నెత్తి గోక్కున్నాడు. "అవునప్పా! భూమి పుస్తకంలో మాదిరి కట్టినా. మన ఊళ్లో పెట్టినానని నేనే మరిచిపోతి."

కుముదిని లేచి మొహం తుడుచుకుంది. పళ్లెం దగ్గరికి లాక్కుంది.

"నా మొగం సంగతి సరేలే. ఆ పప్పు ఇట్లియ్యి."

గంట కొట్టగానే అందరికంటే ముందు ఆ పిల్లే హాలులోకి నడిచింది. తలుపు మొదటిసారి పనిచేసిన రోజు కూడా తిలోత్తమకు ఇంత గర్వంగా అనిపించలేదు. పిల్లలంతా వెళ్లాక భద్రయ్య వైపు తిరిగింది. అతను అరచేతిలో ఏదో రాసుకుంటున్నాడు.

"అమ్మా, నాకు ఆరే వస్తోంది."

"చలి వదిలేశారు సార్."

"లెక్కలో చలి ఇవ్వలేదు కదా!"

"ఒకరు ఇచ్చేదేంటి సార్? ఇక్కడ అది ఉంటుంది."

"ఇవ్వనిది కలుపుకుంటే అది లెక్కెలా అవుతుందమ్మా? నలభై ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నాను."

"రండి, మా షెడ్డులోనూ చిల్లు ట్యాంకు ఉంది, చూపిస్తా."

"చూపించు. ఆరు కాకపోతే అడుగు."

కావలి మధ్యలో కలగజేసుకుంది. "భద్రయ్య గారూ, బోర్డు వారు లైన్లో ఉన్నారు. తలుపు ఉంచాలా, విప్పాలా?"

"ఉండవయ్యా!" అన్నాడు భద్రయ్య, చలికోటు తొడుక్కుంటూ. "ముందు ఈ ట్యాంకు నిండనీ."